అమ్మానాన్నలతో మాడిసన్: ఒక రోజు సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ చెల్లికి విస్కాన్సిన్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆగస్టులో ఆమెను దింపడానికి చికాగో నుంచి కారులో అమ్మానాన్నలతో సహా మాడిసన్ వెళ్తున్నారు. చేతిలో మూడు రోజులున్నాయి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారు పూర్తి శాకాహారి. "కాలేజీ ఊరే కదా, ఒక రోజు చూసేసి మిగతా రెండు రోజులు డెల్స్ వెళ్లిపోతే ఎలా ఉంటుంది?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. డెల్స్ మానేయండి. మూడు రోజులూ మాడిసన్‌లోనే ఉండండి. ఆ మూడింటిలో ఒకటి శనివారం అయ్యేలా చూసుకోండి. కనీసం ఒక సాయంత్రం ఏ పనీ పెట్టుకోకుండా సరస్సు ఒడ్డున కూర్చోండి. డెల్స్ అంటే వాటర్ పార్కులు, జారుడు బండలు, క్యూలు. చిన్న పిల్లలున్నవాళ్లకు అది బాగుంటుంది. అరవై దాటి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు అక్కడ ఎండలో బెంచీ మీద కూర్చుని మన బ్యాగులకు కాపలా కాయడమే మిగులుతుంది.

నేను ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడినవాణ్ణి. స్నేహితుల తల్లిదండ్రులు, మా చుట్టాలు ఎవరొచ్చినా ఊరు చూపించే పని నాకే పడుతుంది. వాళ్లతో తిరగ్గా తేలింది ఒకటే. ఇక్కడ చూడాల్సిన చోట్ల లిస్టు రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతే ఊరు చప్పగా అనిపిస్తుంది. ఈ ఊళ్లో ఉన్న గొప్పంతా దాని అమరికలో ఉంది. మెండోటా, మొనోనా అనే రెండు పెద్ద సరస్సుల మధ్య సన్నటి నేలపట్టీ ఉంది, దాని మీద ఊరి నడిబొడ్డు. పట్టీ మధ్యలో గుట్ట మీద రాష్ట్ర చట్టసభ ఉండే క్యాపిటల్ భవనం, అక్కణ్ణుంచి పడమరగా స్టేట్ స్ట్రీట్, దాని చివర యూనివర్సిటీ. క్యాపిటల్ దగ్గర నిలబడితే రెండు సరస్సులకూ నడిచి వెళ్లగలిగేంత దూరమే. అందుకే బస ఎక్కడన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

బస, తేదీలు. శివారు ఊరు మిడిల్టన్ వైపో, హైవే పక్కనో హోటల్ చవగ్గా దొరుకుతుంది. కానీ ప్రతిసారీ కారు తీసి, డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ర్యాంపు వెతుక్కుని, అక్కణ్ణుంచి అమ్మగారిని నడిపించాలి. మూడు రాత్రులూ కాకపోయినా రెండు రాత్రులైనా క్యాపిటల్ చుట్టుపక్కల తీసుకోండి. మధ్యాహ్నం ఆవిడ గదికొచ్చి ఒక గంట నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ బయటికి రావచ్చు. పెద్దవాళ్లతో ప్రయాణంలో ఆ గంట చాలా విలువైంది. గది మాత్రం స్టేట్ స్ట్రీట్ మీదకి తెరుచుకునేది వద్దని ముందే చెప్పండి. శుక్ర, శనివారాల రాత్రుళ్లు అక్కడ కుర్రకారు సందడి ఒక పట్టాన ఆగదు.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆగస్టు 14, 15 తేదీల్లో డౌన్‌టౌన్‌కి రావద్దు. ఇక్కడ విద్యార్థుల అద్దె ఇళ్లలో చాలావాటికి లీజు 14న ముగుస్తుంది, కొత్త లీజు 15న మొదలవుతుంది. అంటే ఊళ్లో సగం మంది ఒకేసారి ఇల్లు మారతారు. మధ్యలో ఒక రాత్రి ఇల్లే లేకుండా సామాను ట్రక్కులో పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉంటారు. పేవ్‌మెంట్ల నిండా సోఫాలు, పరుపులు, బల్లలు, పుస్తకాల అరలు. ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుపోతారు. చెల్లి అద్దె ఇంట్లో ఉండబోతుంటే తప్పదు, ఆ రోజే దింపాలి. అలాంటప్పుడు అమ్మానాన్నలను చికాగోలోనే ఉంచి, మీరిద్దరే సామానుతో వచ్చి, తర్వాతి వారాంతంలో వాళ్లతో మళ్లీ రండి. హాస్టల్ అయితే వాళ్లు ఇచ్చిన తేదీ ఆగస్టు చివర్లో ఉంటుంది, ఈ బాధ లేదు. (రోడ్డు మీద దొరికిన బల్ల తెచ్చుకోవచ్చు. పరుపు, సోఫా మాత్రం ఎంత బాగున్నా ముట్టుకోవద్దని చెల్లికి చెప్పండి. నల్లులు.)

ఆగస్టులోనే పక్క ఊరు వెరోనాలో ఎపిక్ అనే ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షిక సమావేశం కూడా జరుగుతుంది. మన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు అందులో పనిచేస్తూనే ఉంటారు, వాళ్లనడిగితే తేదీ చెప్తారు. ఆ వారం హోటల్ గదులు దొరకవు, దొరికినా రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. సెప్టెంబరు నుంచి కాంప్ రాండల్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలదీ అదే కథ. 75 వేల మందికి పైగా పట్టే స్టేడియం ఊరి మధ్యలో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇక శనివారం ఎందుకన్నానంటే, ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య దాకా ప్రతి శనివారం క్యాపిటల్ చుట్టూ డేన్ కౌంటీ రైతుల సంత జరుగుతుంది. 1972లో మొదలైంది. పండించినవాళ్లే అమ్మాలి అన్నది నియమం. మారుబేరం కుదరదు. ఈ తరహా సంతల్లో అమెరికాలో ఇదే అతి పెద్దది. ఆగస్టు అంటే టమాటాలు, మొక్కజొన్న, మిరపకాయలు, పూలు, తేనె అన్నీ పోటెత్తే కాలం. బల్ల అవతల నిలబడ్డ మనిషే విత్తనం వేసినవాడు కాబట్టి నాన్నగారికి వ్యవసాయం మీద ఆసక్తి ఉంటే మాటలు సాగుతాయి. మీరు మధ్యలో అనువాదకుడిగా నిలబడాల్సి రావచ్చు, ఓపిక పట్టండి.

ఒక సంగతి. సంతలో జనమంతా క్యాపిటల్ చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో నడుస్తారు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే అలవాటుతో మన పెద్దవాళ్లు తడుముకోకుండా రెండో వైపు బయల్దేరతారు, జనానికి ఎదురీదుతారు. ముందే చెప్పండి. ఎనిమిదిలోపు వెళ్తే ఖాళీగా ఉంటుంది. పది దాటితే అమ్మగారికి ఇబ్బంది. చుట్టూ మొత్తం తిరగక్కర్లేదు. రెండు వైపులు నడిచి, క్యాపిటల్ పచ్చిక మీద కూర్చోబెట్టేయండి.

శనివారం కుదరకపోతే బుధవారం చిన్న సంత ఉంటుంది, క్యాపిటల్ పక్క వీధిలోనే. కూరగాయలు అవే, ఆ సందడి మాత్రం రాదు.

సంత అయ్యాక క్యాపిటల్ లోపలికి వెళ్లండి. ప్రవేశం ఉచితం, గైడు తిప్పి చూపించే టూర్ కూడా ఉచితమే. ఇప్పుడున్న భవనం 1906లో మొదలుపెట్టి 1917లో పూర్తి చేశారు. గోపురం గ్రానైటుతో కట్టింది, ఎత్తు 284 అడుగులు. వాషింగ్టన్‌లోని క్యాపిటల్ కంటే మూడడుగులు తక్కువ. శిఖరాన బంగారు పూత విగ్రహం పేరు కూడా విస్కాన్సిన్. ఆవిడ శిరస్త్రాణం మీద ఒక బ్యాడ్జర్ (బొరియలు తవ్వుకునే చిన్న జంతువు) కూర్చుని ఉంటుంది. బ్యాడ్జర్ ఈ రాష్ట్ర జంతువు, యూనివర్సిటీ జట్ల పేరు కూడా అదే. లోపల గవర్నర్ ఆఫీసు బయట చాలా ఏళ్లపాటు ఒక కంచు బ్యాడ్జర్ ఉండేది. దాని ముక్కు తడిమితే కలిసొస్తుందని నమ్మేవాళ్లు. ముట్టుకుని ముట్టుకుని ముక్కు మెరిసిపోయింది. లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి చోటుంది, టాయిలెట్లున్నాయి. వేసవిలో పైన చుట్టూ చూసే వరండా తెరుస్తారు కానీ అక్కడికి మెట్లెక్కాలి. అమ్మగారు కింద ఆగిపోవచ్చు.

ఆవిడకు ఎత్తు నుంచి సరస్సు చూపించాలంటే మెట్లు లేని దారి ఒకటుంది. క్యాపిటల్ నుంచి మొనోనా సరస్సు వైపు కొద్ది దూరంలో మొనోనా టెర్రస్. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1938లో గీసిన నమూనా. కట్టాలా వద్దా అని ఊరు దశాబ్దాల పాటు కొట్టుకుంది, రైట్ 1959లో పోయాడు, భవనం 1997లో తెరిచారు. దాని పైకప్పే ఒక తోట. లిఫ్టులో ఎక్కి నేరుగా సరస్సు అంచున నిలబడవచ్చు. ఉదయం పూట గాలి హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం కాంక్రీటు కాలిపోతుంది.

ఇప్పుడు అసలైన చోటు. యూనివర్సిటీ మెమోరియల్ యూనియన్ వెనక టెర్రస్. (మొనోనా టెర్రస్ వేరు, ఇది వేరు. చాలామంది తికమకపడి ఒకదానికి బదులు రెండోదానికి వెళ్లి కూర్చుంటారు. ఫోన్ మ్యాపులో "మెమోరియల్ యూనియన్" అనే కొట్టండి.) మెండోటా సరస్సు ఒడ్డున మెట్లు మెట్లుగా దిగే రాతి ఆవరణ. సూర్యకిరణాల ఆకారంలో వీపు ఉన్న ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగు ఇనుప కుర్చీలు. సరస్సు పది వేల ఎకరాలకు కాస్త తక్కువ, అవతలి ఒడ్డు మసగ్గా కనిపిస్తుంది. తెరచాప పడవలు, ఈదేవాళ్లు, బాతులు, వేసవి సాయంత్రాల్లో తరచుగా సంగీతం. ఆగస్టులో ఎనిమిది గంటల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఆరింటికే వెళ్లి పై వరసలో కుర్చీలు పట్టుకోండి, అమ్మగారు కిందికి దిగే పని ఉండదు. లోపల టాయిలెట్లు, తిండి, నీళ్లు అన్నీ ఉన్నాయి. ఎవరూ లెమ్మనరు, ఏదైనా కొనమని అడగరు.

ఇక్కడ పెద్దవాళ్లను ముందుగా సిద్ధం చేయాల్సిన విషయం ఒకటి. అక్కడ బీరు అమ్ముతారు, యూనివర్సిటీయే అమ్ముతుంది. లోపలున్న రాత్‌స్కెల్లర్ అనే హాల్లో 1933 నుంచీ ఉంది ఆ ఆచారం. "కాలేజీలో మందా!" అని మా పెదనాన్న మొదటి పావుగంట మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత పక్క బల్ల దగ్గర తాతలు, మనవలు, ప్రొఫెసర్లు కలిసి కూర్చోవడం చూసి తేలికపడ్డారు. తాగి తూలేవాళ్లు అక్కడ కనబడరు. ఆ బాపతు స్టేట్ స్ట్రీట్ బార్లలో, అదీ అర్ధరాత్రి.

ఈ ఊరి కుర్రాళ్ల తిక్క గురించి చెప్తే మీ నాన్నగారు నవ్వుతారు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో గెలిచిన ఒక హాస్య పార్టీ 1979లో, స్వేచ్ఛా విగ్రహాన్ని న్యూయార్క్ నుంచి తెప్పిస్తామన్న హామీ నిలబెట్టుకోవడానికి గడ్డకట్టిన మెండోటా మీద విగ్రహం తల, చేయి, కాగడా మాత్రం పైకి కనిపించేలా బొమ్మ కట్టింది. మిగతా విగ్రహం మంచు కింద ఉన్నట్టు. అదే ఏడాది కాంపస్ మధ్యలోని గుట్ట బాస్కమ్ హిల్ మీద 1,008 గులాబీ రంగు ప్లాస్టిక్ ఫ్లెమింగోలు గుచ్చారు. 2009లో నగర కౌన్సిల్ ఆ ప్లాస్టిక్ ఫ్లెమింగోనే ఊరి అధికారిక పక్షిగా ప్రకటించింది. నిజంగానే.

కాంపస్ ఎలా చూపించాలి? బాస్కమ్ హిల్ నిటారుగా ఉంటుంది, నడిపించకండి. 80వ నంబరు సిటీ బస్సు ఉచితం. మెమోరియల్ యూనియన్ దగ్గర ఎక్కితే సరస్సు పక్కన కొండ మీదుగా కాంపస్ అంతా తిప్పి, చివర ఈగిల్ హైట్స్ దాకా తీసుకెళ్తుంది. అది పెళ్లయిన విద్యార్థులు, పరిశోధకుల కుటుంబాలుండే కాలనీ. దాని పక్కనే వందల మడులున్న కూరగాయల తోట ఉంది. ఎన్నో దేశాల కుటుంబాలు తలా ఒక మడి తీసుకుని పండించుకుంటారు. మా మిత్రుడి అమ్మగారికి క్యాపిటల్ గోపురం ఆనలేదు, సరస్సూ ఆనలేదు. ఈ తోటలో దిగి, ఎవరిదో సొరపాదు చూసి, ఆ మడి గలావిడతో సైగలతోనే గంటసేపు మాట్లాడారు. తిరిగి వెళ్లేదాకా ఆ ముచ్చటే. మడుల్లోకి అడుగుపెట్టకుండా దారుల్లో నడవండి, చాలు.

కాంపస్‌లో మనవాళ్లకు చెప్పుకోదగ్గవి ఇంకొన్ని. భారత సంతతి శాస్త్రవేత్త హర గోబింద్ ఖొరానా 1960 నుంచి 1970 వరకు ఇక్కడే పనిచేశారు, 1968లో నోబెల్ వచ్చినప్పుడు ఆయన ఇక్కడి ప్రొఫెసరే. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించింది ఈ యూనివర్సిటీలోనే. గుండె జబ్బులవాళ్లు వేసుకునే వార్ఫరిన్ మందు మూలం కూడా ఇక్కడే. 1933లో ఒక రైతు, పాడైన గడ్డి తిని రక్తం గడ్డకట్టక చచ్చిపోయిన పెయ్యను మంచుతుపానులో ట్రక్కులో వేసుకుని యూనివర్సిటీకి వచ్చాడు. కార్ల్ పాల్ లింక్ ల్యాబు దాని వెంట ఏళ్లపాటు పడి కారణం పట్టుకుంది. ఇంట్లో ఎవరైనా ఆ మాత్ర వేసుకునేవాళ్లుంటే ఈ కథ ఆసక్తిగా వింటారు.

అబ్జర్వేటరీ హిల్ మీద పక్షి ఆకారంలో, నీటి జీవి ఆకారంలో మట్టి దిబ్బలున్నాయి. ఇక్కడి మూలవాసులైన హోచంక్ ప్రజల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట పోసినవి. ఈ నేల వాళ్లది. దిబ్బల మీద ఎక్కకూడదు. వర్షం వస్తే చేజన్ ఆర్ట్ మ్యూజియం, జియాలజీ మ్యూజియం ఉన్నాయి, రెండూ ఉచితమే.

మూడో రోజు రెండు దారులున్నాయి. ఊళ్లోనే ఉండదలిస్తే ఓల్‌బ్రిచ్ ఉద్యానవనం. దారులు చదునుగా ఉంటాయి, అడుగడుక్కీ బెంచీలు. లోపల బంగారు రేకులద్దిన థాయ్ మండపం ఉంది. థాయ్‌లాండ్‌లో కట్టి, విప్పి, ఓడలో తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పిరమిడ్ ఆకారపు గాజు భవనంలో ఉష్ణదేశాల మొక్కలుంటాయి. వచ్చేదారిలో టెన్నీ పార్కు లాకుల దగ్గర ఆగండి. మెండోటా నీటిమట్టం మొనోనా కంటే నాలుగైదు అడుగులు ఎక్కువ. పడవలను గదిలాంటి తొట్టెలో పెట్టి, తలుపులు మూసి, నీళ్లు నింపీ వదిలీ ఎక్కించడం దించడం చేస్తారు. కృష్ణా, గోదావరి కాలవల మీద లాకులు చూసినవాళ్లైతే నాన్నగారే మీకు వివరిస్తారు.

కారు ఉంది కాబట్టి బయటికి పోదామంటే ఉత్తరాన బారబూ వైపు వెళ్లండి, గంట లోపు ప్రయాణం. అక్కడ అంతర్జాతీయ క్రేన్ ఫౌండేషన్‌లో ప్రపంచంలోని 15 జాతుల కొంగలూ ఉన్నాయి, మన సారస్ కొంగతో సహా. దగ్గర్లోనే డెవిల్స్ లేక్ స్టేట్ పార్కు, 500 అడుగుల క్వార్ట్‌జైట్ రాతి కొండల మధ్య సరస్సు. కొండ ఎక్కక్కర్లేదు, ఒడ్డున చదును బాట ఉంది. స్టేట్ పార్కులో కారుకి స్టిక్కర్ కొనాలి. మీది ఇల్లినాయి నంబరు ప్లేటు కాబట్టి రేటు ఎక్కువ పడుతుంది. వారాంతంలో పదిలోపు చేరకపోతే పార్కింగ్ దొరకదు. స్ప్రింగ్ గ్రీన్ వైపున్న "హౌస్ ఆన్ ది రాక్" గురించి ఎవరైనా ఊదరగొడితే వినకండి. లోపల నడక, మెట్లు తెగవు, అమ్మగారి మోకాళ్లు ఊరుకోవు.

తిండి విషయం. పప్పూ అన్నం దొరుకుతాయి, ఇండియన్ రెస్టారెంట్లు, కిరాణా కొట్లు ఉన్నాయి, ఫిచ్‌బర్గ్‌లో అమెరికన్ హిందూ అసోసియేషన్ వాళ్ల గుడి కూడా ఉంది. ఊరి తిండి రుచి చూడాలంటే చీజ్ కర్డ్స్, అంటే అచ్చు పోయని తాజా చీజ్ ముక్కలు. తాజావైతే పళ్ల కింద కిర్రుకిర్రుమంటాయి, మర్నాటికి ఆ చప్పుడు పోతుంది. అందుకే సంతలో కొనగానే తినాలి. పూర్తి శాకాహారి అంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. పాలు విరగ్గొట్టడానికి కొన్ని చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు, కొన్నింటిలో సూక్ష్మజీవుల నుంచి తీసింది వాడతారు. అమ్మేది తయారుచేసినవాళ్లే కాబట్టి అడిగితే చెప్తారు. కొన్ని ఐస్‌క్రీముల్లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కూడా ఉంటుంది. యూనివర్సిటీ సొంత డెయిరీ బాబ్‌కాక్ ఐస్‌క్రీమ్ పేరుమోసింది, కానీ నాన్నగారికి ఇచ్చేముందు ఆ రుచిలో ఏమేం కలిపారో అడిగి ఇవ్వండి. సూపుల్లో, ఉడికించిన చిక్కుళ్లలో పంది మాంసం ముక్కలు వేస్తారు. "వెజిటేరియన్" అని అడగడం కన్నా "మాంసం రసం కూడా లేదు కదా" అని అడగడం మేలు.

ఆగస్టులో సరస్సులో దిగాలని ఎవరికైనా మనసైతే ముందు నీళ్ల రంగు చూడండి. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల భాస్వరం వల్ల ఎండాకాలంలో నీలి ఆకుపచ్చ నాచు పేరుకుంటుంది. పెయింట్ ఒలికినట్టు కనిపిస్తే పాదం కూడా పెట్టవద్దు, అందులో విషం ఉండే అవకాశం ఉంది. బీచ్ మూసేస్తే బోర్డు పెడతారు.

చలికాలంలో రావచ్చా అని చివర్లో అడిగారు. మీరు రండి, గడ్డకట్టిన సరస్సు మీద నడవడం చూడదగ్గదే. అమ్మానాన్నలను మాత్రం తీసుకురావద్దు. జారిపడితే సెలవు మొత్తం ఆసుపత్రిలోనే గడిచిపోతుంది.

తిరుగు ప్రయాణం ఆదివారమైతే పదకొండులోపు బయల్దేరండి, లేదా రాత్రి భోజనం చేసి బయల్దేరండి. మధ్యాహ్నం మూడు దాటాక డెల్స్ నుంచి చికాగో తిరిగి వెళ్లే కార్లన్నీ ఐ-90 హైవే మీదే ఉంటాయి. రెండున్నర గంటల దారి నాలుగు గంటలు పడుతుంది.